విరేచనాల మాత్రకీ హెరాయిన్‌కీ తాళం ఒకటే: ఓపియాయిడ్ రిసెప్టర్లు మెదడులో మత్తును ఎలా పుట్టిస్తాయి?

నీళ్ల విరేచనాలు పట్టుకున్నప్పుడు చాలామంది వేసుకునే లోపరమైడ్ మాత్ర ఒక ఓపియాయిడ్. మార్ఫిన్, హెరాయిన్, ఫెంటానిల్ ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. శరీరంలో ఇవన్నీ వెళ్లి అతుక్కునే చోటు కూడా ఒకటే, మ్యూ ఓపియాయిడ్ రిసెప్టర్. అయినా ఈ మాత్ర వేసుకుంటే పేగుల కదలిక నెమ్మదిస్తుందే తప్ప మత్తెక్కదు. ఇంకోటి వేసుకోవాలన్న యావా పుట్టదు.

కారణం మెదడు గుమ్మం దగ్గరుంది. మెదడులోని సన్నటి రక్తనాళాల గోడల్లో పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపులాంటి ప్రొటీన్ ఉంటుంది. లోపరమైడ్ గడప దాటబోతుంటే పట్టుకుని మళ్లీ రక్తంలోకి నెట్టేయడం దాని పని. కాబట్టి మామూలు మోతాదులో ఆ మందు పేగుల దగ్గరే ఆగిపోతుంది. (మత్తు కోసం గుప్పెళ్లకొద్దీ మింగిన వాళ్లున్నారు. అంత మోతాదులో అది గుండె లయను దెబ్బతీస్తుంది.)

మత్తు మందులోనే ఉంటుందని మనం మాట్లాడుకుంటాం. ఈ మాత్రను చూస్తే ఆ మాట సరిపోదు. మందు ఏ రిసెప్టర్‌ని తాకింది, అది శరీరంలో ఏ చోట ఉన్నది, ఎంత వేగంగా తాకింది, అంతకుముందు ఎన్నిసార్లు తాకింది అన్నవన్నీ కలిస్తేనే మత్తు. వ్యసనం గురించి చర్చ వచ్చినప్పుడల్లా "అంతా డోపమైన్ (నాడీకణాలు కబురు పంపడానికి వాడే ఒక రసాయనం) వల్లే" అనే ఒక్క ముక్కతో తేల్చేస్తుంటారు కాబట్టి ఈ లెక్క కాస్త ఓపిగ్గా చూడాలి.

నల్లమందు నుంచి ఎండార్ఫిన్ దాకా: ఏ మాటకి ఏమిటి అర్థం

గసగసాల మొక్క పచ్చికాయకి గాటు పెడితే పాలు కారతాయి. అవి ఎండి గట్టిపడితే నల్లమందు. అందులోంచి నేరుగా దొరికే మార్ఫిన్, కొడీన్ లాంటివి ఓపియేట్లు. వాటితోపాటు ల్యాబ్‌లో తయారైనవీ, మన శరీరమే తయారుచేసుకునేవీ కలిపితే ఓపియాయిడ్లు. శరీరం చేసుకునే వాటిని ఎండార్ఫిన్లు అని వార్తల్లో అంటుంటారు. నిజానికి అవి ఒక్కటి కాదు, మూడు నాలుగు కుటుంబాలు.

రిసెప్టర్ అంటే కణం పైపొరలో ఇమిడిపోయిన ఒక ప్రొటీన్. తెలుగు పుస్తకాల్లో గ్రాహకం అంటారు. ఓపియాయిడ్ రిసెప్టర్ ఆకారం చూస్తే పొరను దారంతో ఏడుసార్లు కుట్టినట్టు ఉంటుంది. పైన గుంటలాంటి చోట మందు కూర్చుంటుంది, కింద కణం లోపల కబురు వెళుతుంది.

ఇక రివార్డ్. దీన్ని బహుమతి అనో ఆనందం అనో అనువదిస్తే పొరబడతాం. ఒక పని చేశాక కలిగిన అనుభవం ఆ పనిని మళ్లీ చేయిస్తే, శాస్త్రవేత్తలు ఆ అనుభవాన్ని రివార్డ్ అంటారు. ఎలుకకి సంతోషంగా ఉందో లేదో అడగలేం కదా. అందుకని రెండు పద్ధతులు. మీట నొక్కితే రక్తంలోకి కాస్త మందు వెళ్లే ఏర్పాటు చేసి, ఎన్నిసార్లు నొక్కుతుందో లెక్కపెడతారు. లేదా రెండు గదుల పెట్టెలో ఒక గదిలో మందు, రెండో గదిలో ఉప్పునీళ్లు ఇస్తూ కొన్నాళ్లు అలవాటు చేసి, తర్వాత ఏ మందూ ఇవ్వకుండా వదిలి, ఏ గదిలో ఎక్కువసేపు గడుపుతుందో చూస్తారు. ఈ వ్యాసంలో ముందుముందు "ఎలుక మార్ఫిన్‌ని కోరుకుంది" అన్నచోటల్లా ఈ రెండింట్లో ఒకటి జరిగిందని అర్థం.

కసాయి దుకాణపు పంది మెదడు, సన్నటి కండరం ముక్క

1973లో మూడు బృందాలు విడివిడిగా మెదడులో ఓపియేట్లు అతుక్కునే చోట్లున్నాయని చూపించాయి. బాల్టిమోర్‌లో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్, న్యూయార్క్‌లో ఎరిక్ సైమన్, స్వీడన్‌లో లార్స్ టెరేనియస్. దాంతో ఒక ఇబ్బందికరమైన ప్రశ్న పుట్టింది. ఎక్కడో పొలంలో పెరిగే మొక్క పాలకి మన మెదడులో తాళం ఎందుకుంది? ఉంటే, దానికి సరిపోయే తాళంచెవి శరీరంలోనే ఎక్కడో ఉండాలి.

దాన్ని వెతికిన పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ వాడిన ముఖ్యమైన పరికరం మగ చిట్టెలుక వీర్యనాళం. ఆ సన్నటి ముక్కని గోరువెచ్చని లవణ ద్రావణంలో వేలాడదీసి, ఒక కొసని గీతలు గీసే పెన్నుకి కడతారు. చిన్న కరెంటు షాక్ ఇస్తే కండరం చటుక్కున ముడుచుకుంటుంది, కాగితం మీద పెన్ను పైకి లేస్తుంది. షాక్ తర్వాత షాక్, గీత పక్కన గీత. ద్రావణంలో మార్ఫిన్ చుక్క వేస్తే గీతలు పొట్టివైపోతాయి. దాని విరుగుడు నాలోక్సోన్ వేస్తే మళ్లీ నిలువెత్తు లేస్తాయి. ఇప్పుడు మార్ఫిన్ బదులు కబేళా నుంచి తెచ్చిన పంది మెదడు రసం వేశారు. గీతలు పొట్టివయ్యాయి. నాలోక్సోన్ వేశారు. మళ్లీ లేచాయి.

ఆ రసంలో ఉన్నది రెండు చిట్టి గొలుసులని 1975లో ప్రకటించారు. ఒక్కోదానిలో ఐదే అమైనో ఆమ్లాలు, చివరిదాంట్లోనే తేడా. వాటి పేరు ఎన్‌కెఫలిన్లు. తర్వాత 31 అమైనో ఆమ్లాల బీటా-ఎండార్ఫిన్, ఆపైన డైనార్ఫిన్ దొరికాయి.

తాళాలూ ఒక రకం కాదు. 1976లో మార్టిన్ బృందం వేర్వేరు మందుల ప్రభావాలు పోల్చి, మార్ఫిన్ మొదటి అక్షరంతో మ్యూ, కీటోసైక్లజొసీన్ అనే మందు పేరుతో కప్పా అని గ్రీకు అక్షరాలు పెట్టింది. కోస్టర్లిట్జ్ వాళ్ల వీర్యనాళం ముక్క డెల్టాకి పేరిచ్చింది. సిగ్మా అని ఇంకోటీ చేర్చారు గానీ అది ఓపియాయిడ్ రిసెప్టరే కాదని తర్వాత తేలి జాబితా నుంచి తీసేశారు. 1992, 1993ల్లో ఈ మూడింటి జన్యువులు దొరికాయి. 1994లో బయటపడిన నాలుగోది, నోసిసెప్టిన్ రిసెప్టర్, రూపంలో దగ్గరి చుట్టమే గానీ మామూలు ఓపియాయిడ్లను పెద్దగా పట్టించుకోదు.

తాళం తిరిగితే కణం నోరు మూసుకుంటుంది

తాళం, తాళంచెవి పోలిక నేనూ వాడుతున్నాను గానీ అది సగమే పనికొస్తుంది. మామూలు తాళం తెరుచుకుంటుంది, లేదా తెరుచుకోదు. ఈ రిసెప్టర్ అలా కాదు, మందుని బట్టి కొద్దిగానో పూర్తిగానో ఒళ్లు తిప్పుకుంటుంది. పూర్తిగా తిప్పేవి మెథడోన్, ఫెంటానిల్ లాంటివి. సగంలో ఆపేది బ్యుప్రెనార్ఫిన్. గుంటలో కూర్చుని అసలు తిప్పకుండా, వేరే వాళ్లని కూర్చోనివ్వనిది నాలోక్సోన్.

రిసెప్టర్ తిరిగితే కణం లోపల మూడు పనులవుతాయి. పొటాషియం బయటికి పోయే దారులు తెరుచుకుంటాయి, కణం మందగిస్తుంది. కాల్షియం లోపలికొచ్చే దారులు మూసుకుంటాయి, పక్క కణానికి కబురు పంపే రసాయనాల సంచులు విప్పుకోవు. సైక్లిక్ ఏఎంపీ అనే లోపలి కబురుగత్తె ఉత్పత్తి తగ్గుతుంది. మూడింటి ఫలితం ఒకటే: ఆ నాడీకణం నోరు మూసుకుంటుంది.

వెన్నుపాములో నొప్పి కబురు మోసే కణాలు నోరు మూసుకుంటే నొప్పి తగ్గుతుంది. పేగు నరాలు మూసుకుంటే మలబద్ధకం. మెదడు కాండంలో ఊపిరి లయని నడిపే కణాలు మూసుకుంటే ఊపిరి ఆగుతుంది. ఓవర్‌డోస్‌లో ప్రాణం పోయేది చాలావరకు ఈ దారిలోనే. ఇంతవరకు చిక్కు లేదు. మరి కణాల్ని మూగచేసే మందు అంత ఉల్లాసాన్ని ఎలా ఇస్తుంది?

కాపలావాడికి జోకొట్టే పద్ధతి

మెదడు మధ్య అడుగుభాగంలో వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా అనే చిన్న ప్రాంతముంది. వీటీఏ అందాం. అక్కడి డోపమైన్ కణాల తీగలు ముందుకి సాగి న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోట డోపమైన్‌ని విడుదల చేస్తాయి. ఇది ముఖ్యం, దీన్ని గుర్తుపెట్టుకో, ఇంకోసారి వెతుక్కో అని మెదడు తనకు తాను చెప్పుకునే దారుల్లో ఇది ప్రధానమైనది.

ఈ డోపమైన్ కణాలకి కళ్లెం ఉంటుంది. పక్కనే ఉన్న కణాలు, వీటీఏ తోక భాగంలోని మరికొన్ని కణాలు, గాబా అనే రసాయనాన్ని వదులుతూ వాటిని అదుపులో పెడుతుంటాయి. వీటీఏలో మ్యూ రిసెప్టర్లు ఎక్కువగా ఉన్నది డోపమైన్ కణాల మీద కాదు, ఈ కళ్లెం పట్టుకున్న కణాల మీద. మార్ఫిన్ వచ్చి వాటి నోరు మూయిస్తుంది. కళ్లెం జారుతుంది, డోపమైన్ కణాలు పరుగందుకుంటాయి. దొంగ తలుపు బద్దలు కొట్టలేదు, కాపలావాడికి జోకొట్టాడు, అంతే. దీన్ని 1992లో జాన్సన్, నార్త్ అనే ఇద్దరు ఎలుక మెదడు పలచటి ముక్కల్లో ఒక్కొక్క కణానికీ ఎలక్ట్రోడ్ పెట్టి చూపించారు.

అంకెల్లో ఊహించుకుందాం. ఇవి కొలిచినవి కావు, లెక్క అర్థం కావడానికే. డోపమైన్ కణం తనంతట తాను సెకనుకి 10 సార్లు మోగగలదు, కళ్లెం వల్ల 6 తగ్గి 4 సార్లే మోగుతోంది అనుకోండి. మార్ఫిన్ కళ్లేన్ని మూడో వంతుకి తగ్గిస్తే 6 కాస్తా 2 అవుతుంది, కణం 8 సార్లు మోగుతుంది. దాన్ని ఎవరూ నేరుగా ముట్టుకోలేదు, అయినా మోత రెట్టింపైంది. కొకైన్ దారి వేరు. అది కళ్లెం జోలికి పోకుండా, విడుదలైన డోపమైన్‌ని వెనక్కి లాగే పంపుని అడ్డుకుంటుంది.

మ్యూ లేని ఎలుక

ఇదంతా మ్యూ రిసెప్టర్ పనే అని ఖాయంగా చెప్పడం ఎలా? 1996లో బ్రిజిట్ కీఫర్ బృందం మ్యూ జన్యువు తీసేసిన ఎలుకల్ని పుట్టించింది. వాటికి మార్ఫిన్ ఇస్తే నొప్పి తగ్గలేదు. మార్ఫిన్ ఇచ్చిన గది మీద మోజు పుట్టలేదు. రోజుల తరబడి ఇచ్చి ఆపేసినా విత్‌డ్రాయల్, అంటే మందు ఆపాక వచ్చే బాధ, రాలేదు. వైద్యులు కోరుకునే నొప్పి నివారణ, అందరూ భయపడే వ్యసనం రెండూ ఒకే ప్రొటీన్ గుండా నడుస్తున్నాయని దీంతో తేలింది. వ్యసనం రాని మార్ఫిన్ కోసం ఎన్నో తరాలుగా జరుగుతున్న వెతుకులాట ఎందుకింత కష్టమైందో ఈ ఒక్క ప్రయోగంతో అర్థమవుతుంది.

తర్వాతి ప్రయోగాలు ఇంకో ఆశ్చర్యం చూపాయి. మ్యూ లేని ఎలుకలకి మద్యం, నికొటిన్, గంజాయిలోని టీహెచ్‌సీ మీద కూడా ఆసక్తి తగ్గింది. ఇవేవీ మ్యూ రిసెప్టర్‌కి నేరుగా అతుక్కోవు. మద్యం తాగితే మెదడు తన ఎండార్ఫిన్లని తానే విడుదల చేస్తుంది, అవి వెళ్లి మ్యూని తాకుతాయి. మ్యూని అడ్డుకునే నాల్ట్రెక్సోన్‌ని మద్యం వ్యసనానికి మందుగా అమెరికా 1994లో ఆమోదించడం వెనకున్న తర్కం ఇదే. అంటే మ్యూ రిసెప్టర్ నల్లమందు సొంత తలుపు కాదు, చాలా దారులు కలిసే కూడలి.

డోపమైన్ లేకపోయినా?

ఇప్పటిదాకా చెప్పింది పాఠ్యపుస్తకాల కథ. దీనిమీద నలభై ఏళ్లుగా పేచీ నడుస్తోంది.

1984లో ఎలుకల న్యూక్లియస్ అకంబెన్స్‌లో డోపమైన్ తీగల్ని విషంతో నాశనం చేసి చూశారు. కొకైన్ కోసం మీట నొక్కడం బాగా తగ్గింది. హెరాయిన్ కోసం నొక్కడం మాత్రం సాగింది. 2005లో అసలు డోపమైనే తయారుచేసుకోలేని చిట్టెలుకలు కూడా మార్ఫిన్ ఇచ్చిన గదిని ఎంచుకున్నాయి. కాబట్టి ఓపియాయిడ్ రివార్డ్‌కి డోపమైన్ తప్పనిసరి కాదని ఒక పక్షం అంటుంది. న్యూక్లియస్ అకంబెన్స్ కణాల మీద మ్యూ రిసెప్టర్లు నేరుగా ఉన్నాయి, డోపమైన్‌ని దాటవేసి అక్కడే పని అయిపోవచ్చన్నది వాళ్ల వాదన.

రెండో పక్షం దగ్గరా గట్టి ఆధారాలున్నాయి. 2018లో ఎలుకల డోపమైన్ కణాల్ని కాంతితో, రసాయనాలతో అదుపు చేస్తూ చూస్తే, వాటిని అణిచినప్పుడు హెరాయిన్ కోసం మీట నొక్కడం తగ్గింది. పుట్టుకతోనే డోపమైన్ లేని ఎలుక మెదడు వేరే దారులు కట్టుకుని ఉండొచ్చు, మామూలు మెదడుకి ఆ ఫలితాన్ని అంటగట్టలేం అని వీళ్లంటారు. మనుషుల స్కాన్లూ ఏకమాట చెప్పలేదు. ఓపియాయిడ్ ఇచ్చాక డోపమైన్ పెరిగిందని చూసినవీ ఉన్నాయి, పెరగలేదని చూసినవీ ఉన్నాయి.

నాకు ఈ రెండు పక్షాల మధ్య దారి చూపుతుందనిపించేది మెదడు పరిశోధకుడు కెంట్ బెర్రిడ్జ్ ఏళ్ల తరబడి చెబుతున్న విభజన. ఇష్టం వేరు, యావ వేరు అంటాడాయన. తీపి చుక్క నాలుక మీద పడితే ఎలుక పెదాలు నాక్కుంటుంది, చంటిపిల్లలూ అలాగే చేస్తారు. అది ఇష్టం. డోపమైన్ నాశనం చేసినా ఆ నాకడం తగ్గదు. కానీ ఆ ఎలుక లేచి ఆహారం దగ్గరికి వెళ్లదు, ఎదురుగా పెట్టినా తినదు. పోయింది యావ. అదే న్యూక్లియస్ అకంబెన్స్‌లో ఎలుకకి సుమారు ఒక ఘన మిల్లీమీటరున్న ఒక మూలలో ఓపియాయిడ్ చుక్క వేస్తే పెదాల నాకుడు పెరుగుతుంది. పక్కకి జరిపి వేస్తే తిండి మీద పడడం పెరుగుతుందే గానీ నాకుడు పెరగదు. రిసెప్టర్ అదే, మందు అదే. మిల్లీమీటరు అటూ ఇటూ అయితే అనుభవమే మారిపోతోంది.

ఓపియాయిడ్లు రెండు మీటలూ నొక్కగలవు. మ్యూ గుండా ఇష్టాన్ని నేరుగా, కళ్లెం వదిలించి యావని డోపమైన్ ద్వారా. ఇష్టం కరిగిపోయాక కూడా యావ మిగలొచ్చు. "ఇప్పుడు దాంట్లో ఏ సుఖమూ లేదు, అయినా మానలేకపోతున్నా" అని వ్యసనంలో ఉన్నవాళ్లు చెప్పేది సాకు కాదని ఇక్కడ అర్థమవుతుంది.

కప్పా: అదే కుటుంబంలోని పుల్లవిరుపు

ఓపియాయిడ్ అనగానే ఆనందం అనుకుంటే కప్పా రిసెప్టర్ ఆ మాటని అడ్డంగా కొట్టేస్తుంది. దాన్ని పూర్తిగా తిప్పే మందులిస్తే మనుషులకి కలిగేది చిరాకు, గుబులు, వింత భ్రమలు. ఎలుకలైతే ఆ మందిచ్చిన గదిలోకి వెళ్లవు. మెక్సికోలో పెరిగే సాల్వియా డివినోరమ్ మొక్కలోని సాల్వినోరిన్-ఏ ఈ కప్పా మీదే పనిచేస్తుందని 2002లో తేలింది. శరీరం తనకి తాను చేసుకునే కప్పా తాళంచెవి డైనార్ఫిన్.

చిత్రమేంటంటే కణం లోపల కప్పా చేసే పని కూడా మ్యూ చేసేదే: నోరు మూయించడం. తేడా ఎవరి నోరన్నదే. మ్యూ కళ్లెం పట్టుకున్నవాడి మీద కూర్చుంటే, కప్పా డోపమైన్ తీగల కొసల మీదే కూర్చుంటుంది. అక్కడ నోరు మూస్తే డోపమైనే తగ్గుతుంది.

మత్తుమందు పదేపదే వాడితే న్యూక్లియస్ అకంబెన్స్ కణాలు డైనార్ఫిన్ తయారీ పెంచుతాయి. మితిమీరిన డోపమైన్‌కి మెదడు వేసుకునే బ్రేకు అది. మందు ఒంట్లో ఉన్నంతసేపు బ్రేకు తెలియదు, దిగాక బ్రేకు ఒక్కటే మిగులుతుంది. ఏదీ రుచించని ఆ దిగులు మళ్లీ మందు వైపు నెడుతుంది. మొదట్లో సుఖం కోసం వాడినవాళ్లు తర్వాత బాధ తప్పించుకోవడానికి వాడతారనే మాటకి ఒక వేరు ఇక్కడుంది. ఇంకో వేరు మ్యూలోనే దొరికింది. 2024లో జెనీవా శాస్త్రవేత్తలు ఫెంటానిల్‌తో చేసిన ప్రయోగంలో, చిట్టెలుకల వీటీఏలో మ్యూని తీసేస్తే మందు మీద మోజు పోయింది గానీ విత్‌డ్రాయల్ బాధ అలాగే ఉంది. ఆ బాధని నడిపే మ్యూ రిసెప్టర్లు భయం, ఆందోళనలతో ముడిపడిన అమిగ్డలా అనే చోట మధ్యభాగంలో ఉన్నాయి. ఊరించే సుఖం, వెనకనుంచి నెట్టే బాధ రెండూ ఒకే రకం రిసెప్టర్ చేతిలో ఉన్నాయి, ఇళ్లు మాత్రం వేరు.

డెల్టా గురించి రెండు ముక్కలు చాలు. మూడ్ మీద దాని ప్రభావముందని ఎలుకల్లో తెలుసు. దాన్ని తాకే మందులు మ్యూ మందులంత యావని పుట్టించవు.

వేగం ఎందుకంత ముఖ్యం

మార్ఫిన్ అణువుకి రెండు అసిటైల్ గుంపులు తగిలిస్తే హెరాయిన్. ఆ తగిలించినవి అణువుకి కొవ్వులో కరిగే గుణాన్ని పెంచుతాయి, కాబట్టి మెదడు గోడని చటుక్కున దాటుతుంది. ఆశ్చర్యంగా, హెరాయిన్ తన అసలు రూపంలో మ్యూకి పెద్దగా అతుక్కోదు. లోపలికి వెళ్లాక అది మోనోఅసిటైల్ మార్ఫిన్‌గా, తర్వాత మార్ఫిన్‌గా విడిపోతుంది. పని చేసేవి అవి. హెరాయిన్ ఎక్కువభాగం ఒక వేగవంతమైన బండి, లోపలున్న ప్రయాణికుడు మార్ఫిన్.

అదే మ్యూని పూర్తిగా తిప్పే మెథడోన్‌ని నోటి ద్వారా ఇస్తే గంటల్లో నెమ్మదిగా పైకెక్కుతుంది, ఒక రోజు నిలబడుతుంది. వ్యసన చికిత్సలో అది పనికొచ్చేది ఈ నెమ్మదితనం వల్లే. చివరికి చేరిన మట్టం ఎంతన్నది ఒక్కటే కాదు, ఎంత నిటారుగా ఎక్కిందన్నది కూడా మెదడు లెక్కపెడుతుంది.

మోతాదు లెక్క కూడా మనం అనుకున్నంత సూటిగా ఉండదు. ఒక మందు 1 పాలు ఉంటే సగం రిసెప్టర్లు నిండుతాయనుకోండి. నిండే శాతం కట్టడానికి మందు పాళ్లని, మందు పాళ్లకి ఒకటి కలిపిన మొత్తంతో భాగిస్తే సరి. 1 పాలుకి 50 శాతం, 2 పాళ్లకి 67, 4 పాళ్లకి 80, 8 పాళ్లకి 89, 16 పాళ్లకి 94. ఎనిమిది నుంచి పదహారుకి మోతాదు రెట్టింపైతే నిండింది ఐదు శాతమే పెరిగింది. మత్తు ఇంకా పెరగాలని మోతాదు రెట్టింపు చేసేవాళ్లకి చేతికందేది చాలా తక్కువ. ప్రమాదం మాత్రం అంత తక్కువగా పెరగదు, ఎందుకో ఇప్పుడు చూద్దాం.

అలవాటు అన్నిచోట్లా ఒకేలా పడదు

రిసెప్టర్‌ని పదేపదే తిప్పితే కణం ఊరుకోదు. దాని లోపలి తోకకి ఫాస్ఫేట్లు తగిలిస్తుంది, అరెస్టిన్ అనే ప్రొటీన్ వచ్చి కబురుని తుంచేస్తుంది. కొన్ని రిసెప్టర్లని కణం లోపలికే లాగేసుకుంటుంది. దాంతోపాటు అణిగిపోయిన సైక్లిక్ ఏఎంపీ యంత్రాంగాన్ని పెంచుకుంటూ పోతుంది. 1975లోనే శర్మ, క్లీ, నైరెన్‌బర్గ్ దీన్ని గాజు పాత్రలో పెంచిన కణాల్లో చూశారు. మార్ఫిన్‌లో ఉంచినంతకాలం అంతా మామూలుగా కనిపించింది. మార్ఫిన్ తీసేయగానే సైక్లిక్ ఏఎంపీ మామూలు మట్టాన్ని దాటి ఎగిసింది. మెదడు లేదు, మనసు లేదు, బలహీనత అనే నింద వేయడానికి మనిషే లేడు. పాత్రలోని కణాలకే విత్‌డ్రాయల్ వచ్చింది!

తలలో అదే లోకస్ సెరూలియస్ అనే చోట జరిగితే నోరడ్రినలిన్ విరుచుకుపడుతుంది. చెమటలు, గుండెదడ, ఆవలింతలు, రోమాలు నిక్కబొడుచుకోవడం, టెన్షన్.

ఈ అలవాటు ఒక్కోచోట ఒక్కో వేగంతో పడుతుంది. ఉల్లాసం త్వరగా తగ్గుతుంది. పేగులకి దాదాపు అలవాటే పడదు, ఏళ్ల తరబడి మందు వాడేవాళ్లకీ మలబద్ధకం వదలదు. ఊపిరికి అలవాటు పడుతుంది గానీ ఉల్లాసంకన్నా నెమ్మదిగా, తక్కువగా. అంటే పాత సుఖం కోసం పెంచిన మోతాదుకీ ఊపిరి ఆపే మోతాదుకీ మధ్య దూరం రోజురోజుకీ తగ్గిపోతుంది. కొన్ని వారాలు మానేస్తే అలవాటు జారిపోతుంది. చికిత్స నుంచో జైలు నుంచో బయటికొచ్చి పాత మోతాదే తీసుకున్నవాళ్లు చనిపోవడం అందుకే.

ఇందులో కణానికి అందని భాగమూ ఉంది. షెపర్డ్ సీగెల్ 1982లో చేసిన ప్రయోగం అది. ఎలుకలకి ఒకే గదిలో హెరాయిన్ అలవాటు చేసి, చివర్లో పెద్ద మోతాదిచ్చాడు. అలవాటైన గదిలో ఇచ్చిన వాటిలో 32 శాతం చనిపోయాయి. అదే అలవాటున్న ఎలుకలకి వేరే గదిలో ఇస్తే 64 శాతం. ఎన్నడూ హెరాయిన్ ఎరగనివాటిలో 96 శాతం. గది ఆనవాళ్లు చూడగానే శరీరం ముందే ఎదురు కాసుకుని నిలబడుతుంది, కొత్త గదిలో ఆ జాగ్రత్త ఉండదు.

విరుగుడు మందు ముందే అయిపోతే

ఓవర్‌డోస్‌కి నాలోక్సోన్ ఇస్తే నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది. గుంటలోంచి ఓపియాయిడ్‌ని తోసి తాను కూర్చుంటుంది కాబట్టి. కానీ అది త్వరగా కరిగిపోతుంది. లెక్క కోసం దాని సగం ఆయువు ఒక గంట, మెథడోన్‌ది 24 గంటలు అనుకుందాం. మూడు గంటల తర్వాత నాలోక్సోన్ ఎనిమిదో వంతు మిగులుతుంది, మెథడోన్ ఇంకా 92 శాతం ఉంటుంది. కాపలా వెళ్లిపోయింది, దొంగ అక్కడే ఉన్నాడు. తేరుకున్న మనిషి మళ్లీ ఊపిరి మందగించి పడిపోయే ప్రమాదం అందుకే, ఆసుపత్రిలో గంటలపాటు కనిపెట్టుకుని ఉండేదీ అందుకే.

బ్యుప్రెనార్ఫిన్‌ది ఇంకో ఎత్తుగడ. గుంటని గట్టిగా పట్టుకుంటుంది, కానీ సగమే తిప్పుతుంది. మోతాదు పెంచినా ఒక మట్టం దాటాక ఊపిరి మీద ప్రభావం పెద్దగా పెరగదు. హెరాయిన్ వచ్చినా కుర్చీ ఖాళీ ఉండదు. పైగా ఇందాక చెప్పిన దిగులు బ్రేకుని నడిపే కప్పాని కూడా అది అడ్డుకుంటుంది.

మంచి భాగం ఉంచి చెడ్డ భాగం తీసేసిన మందు చేయొచ్చన్న ఆశ ఒకటి చాలాకాలం ఊరించింది. అరెస్టిన్ లేని ఎలుకల్లో మార్ఫిన్ నొప్పిని ఎక్కువసేపు తగ్గించి, ఊపిరిని తక్కువగా కుంగదీసిందని మొదటి ఫలితాలొచ్చాయి. దాంతో అరెస్టిన్‌ని పిలవని మందుల కోసం పరుగు మొదలైంది. 2020లో అమెరికా ఆమోదించిన ఒలిసెరిడిన్ ఆ బాటలో వచ్చిందే. అయితే తర్వాత వేరే ల్యాబ్‌లు అదే ప్రయోగం చేస్తే ఊపిరి విషయంలో ఆ తేడా కనిపించలేదు. ఆ మందు మీదా ఊపిరి, వ్యసనం హెచ్చరికలు మిగతా ఓపియాయిడ్లకి ఉన్నట్టే ఉన్నాయి.

రిసెప్టర్ ఒక్కటే సరిపోదనే వాదన

వ్యసనాన్ని మెదడు జబ్బుగా చూడాలనే వాళ్లు పైన చెప్పిన మార్పులన్నీ చూపిస్తారు. మనిషి బుద్ధిపూర్వకంగా చేసిన తప్పుగా కాక వైద్య సమస్యగా చూడడానికి ఆ దృష్టి ఎంతో సాయపడింది. ఇంకొందరు దాన్ని మితిమీరి నేర్చుకున్న విషయంగా, పరిసరాలతో ముడిపడిన అలవాటుగా చూస్తారు. వాళ్లు తరచూ చూపించేది వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికుల మీద లీ రాబిన్స్ చేసిన అధ్యయనం. 1971లో తిరిగొచ్చిన సైనికుల్లో దాదాపు ఐదో వంతు అక్కడ హెరాయిన్‌కో నల్లమందుకో బానిసలయ్యామని చెప్పారు. అక్కడ దొరికే సరుకు చవక, స్వచ్ఛం. మ్యూ రిసెప్టర్లు అందరికీ ఉన్నవే. సూటిగా లెక్కేస్తే ఇంటికొచ్చాకా వాళ్లలో ఎక్కువమంది అలాగే ఉండాలి.

అలా బానిసలైన వాళ్లలో సగంమంది తిరిగొచ్చాక ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ హెరాయిన్ ముట్టుకున్నారు. మూడేళ్లలో మళ్లీ బానిసలైంది ఎనిమిది మందిలో ఒకరు.